పెరట్లో కట్టెల మంట మీద బొంగు చికెన్, నాటుకోడి పులుసు: ఏ కట్టె, ఎంత మంట?

ప్రశ్న – కోనసీమ కోడలు

అందరికీ నమస్కారం. కిందటి శీతాకాలంలో కుటుంబమంతా కలిసి రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన, పచ్చి వెదురు గొట్టంలో కోడిముక్కలు కూరి నిప్పుల మీద కాల్చి ఇచ్చిన బొంగు చికెన్ తిన్నాము. ఆకు మూత తీసి అరిటాకులో కుమ్మరించగానే పచ్చి వెదురు వాసన, కొత్తిమీర వాసన కలిసి గుప్పుమన్నాయి. చుక్క నూనె కనిపించలేదు గానీ ముక్క ఎముక దాకా మెత్తగా ఉడికింది. అప్పటి నుంచి పిల్లలకు అదే ధ్యాస.

వచ్చే కనుమకు మా అత్తగారి ఊళ్ళో బంధువులందరం చేరుతున్నాము. గారెల్లోకి నాటుకోడి పులుసు ఎలాగూ ఉంటుంది కనుక, పులుసునూ బొంగు చికెన్‌నూ పెరట్లో కట్టెల పొయ్యి మీదే వండాలని నిశ్చయించాము. ఉప్పుకారాల కొలతల గురించి నాకు సందేహం లేదు. వెదురును ఎలా ఎంచుకోవాలి, ఏ కట్టె మంచిది, ఎప్పుడు మంట కావాలి, ఎప్పుడు నిప్పులు సరిపోతాయి అన్నవే తెలియడం లేదు. అసలు కట్టెల మీద వండితే రుచి నిజంగా మారుతుందా, లేక అది మన భ్రమేనా అన్నది మా వారి ప్రశ్న. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం – మన్యం దారి

వెదురు గురించి నాకు తెలిసింది చెబుతానండి. బొంగు పచ్చిగా ఉండాలన్నది ఇందులో అన్నిటికంటే ముఖ్యం. పచ్చి వెదురు గోడలో నీరు ఉంటుంది, ముక్కల్లోనూ నీరు ఉంటుంది. ఆ తడి ఆరిపోనంతసేపు లోపలి వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే నిలుస్తుంది కనుక మాంసం మాడకుండా తన రసంలోనే ఉడుకుతుంది. నూనె అక్కరలేకపోవడానికి కారణం అదే. ఎండు బొంగయితే కూర ఉడికేలోగా బొంగే అంటుకుంటుంది.

అడుగున ఒక కణుపు ఉండేలా, పైన కణుపు లేకుండా కోయించండి. రెండు వైపులా కణుపులు మూసి ఉన్న బొంగును నిప్పుల మీద పెడితే లోపల ఆవిరి పెరిగి టపాకాయలా పేలుతుంది. పిల్లలు చుట్టూ మూగే చోట ఇది మరిచిపోకూడదు. మీ వైపు బుట్టలు, తడికలు అల్లే మేదరవారిని అడిగితే మందు పట్టించని పచ్చి బొంగు దొరుకుతుంది. ముక్కలు సులువుగా జారేంత వెడల్పుది తీసుకుని, లోపలంతా నీళ్ళతో రెండు మూడు సార్లు కడగండి.

అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, పసుపు, నిమ్మరసం, పచ్చిమిర్చి, కొత్తిమీర పట్టించి గంటసేపు నానబెట్టిన ముక్కలను కూరి, పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి, అరిటాకును గానీ అడ్డాకును గానీ ఉండగా చుట్టి మూతిలో దోపండి. ఆవిరి బయటికి పోవాలి కనుక మరీ బిగించవద్దు. మంట చల్లారి నిప్పులు ఎర్రగా పరుచుకున్నాక, మూతి పైకి ఉండేలా ఏటవాలుగా ఆనించి, కొద్దికొద్దిసేపటికి తిప్పుతూ ఉండాలి. బొంగు మందాన్ని బట్టి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. పచ్చదనమంతా పోయి చుట్టూ నల్లబడి, ఆకు పక్కనుంచి వచ్చే నురగ ఆగి ఒట్టి ఆవిరి వస్తుంటే దాదాపు అయినట్టే. అనుమానముంటే మధ్య ముక్కను విరిచి చూడండి. వంటింటి థర్మామీటరు ఉంటే 74 డిగ్రీలు దాటిందో లేదో చూస్తే చాలు.

ఒక్క మాట. నాటుకోడిని బొంగులో వేయకండి. ముదురు ముక్క ఉడకడానికి పట్టే సమయం బొంగు తట్టుకోలేదు. లేత కోడిని చిన్న ముక్కలుగా కొట్టించి దీనికి వాడుకుని, నాటుకోడిని పులుసుకు ఉంచండి.

సమాధానం – పాత వంటింటి పెద్దమ్మ

అమ్మాయీ, మీ అత్తగారు నా ఈడువారే అయి ఉంటారు. కట్టెల పొయ్యి గురించి ఆవిడను అడిగితే ముందు కళ్ళు మండిన సంగతే చెబుతారు. గాలి ఆడని వంటింట్లో, చంటిపిల్లను ఒడిలో పెట్టుకుని, ఊదుగొట్టంతో ఊది ఊది వండిన తరం మాది. 1999లో దీపం పథకం కింద మా వీధిలోకి గ్యాసు బండలు వచ్చిన నాడు ఎవ్వరమూ కట్టెల రుచి పోయిందని బాధపడలేదు. అందుకని పండక్కి సరదాగా వండుకోండి గానీ ఆరుబయటే వండండి. గర్భిణులనూ ఉబ్బసం ఉన్నవారినీ పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

ఇక కట్టె సంగతి. మీ వైపు సరుగుడు సులువుగా దొరుకుతుంది. అది త్వరగా అంటుకుని వేడిగా మండుతుంది. చింత, తుమ్మ అంటుకోవడం ఆలస్యమైనా వాటి నిప్పు చాలాసేపు నిలుస్తుంది. రాజేయడానికి ఎండు కొబ్బరి మట్టలు, డొక్కలు చాలు. రంగు వేసిన పాత తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు పొయ్యిలో పెట్టకూడదు. పెరట్లో కొట్టేసిన గన్నేరు కొమ్మలను పొరపాటున కూడా వాడవద్దు, అది విషపు చెట్టు. కట్టె బాగా ఎండిందో లేదో తెలియాలంటే రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టి చూడు. ఎండినదైతే ఖంగుమంటుంది, కోసిన చివర నెర్రెలు విచ్చి కనిపిస్తుంది. పచ్చి కట్టె వేడంతా తనలోని నీటిని ఆరబెట్టుకోవడానికే ఖర్చయిపోయి, మనకు పొగ మిగులుతుంది.

పులుసుకు రెండు రకాల సెగ కావాలి. ఉల్లిపాయలు ఎర్రబడి, ముక్క నూనెలో వేగి నీరు ఇగిరేదాకా కట్టెలను లోపలికి తోసి మంట పెట్టు. మరిగే నీళ్ళు పోశాక కట్టెలను వెనక్కి లాగేసి నిప్పుల మీద సన్నగా ఉడకనివ్వు. చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. కోడి ముదురును బట్టి గంట, గంటన్నర పట్టవచ్చు. మీరు చింతపండు వేసేవారైతే, ముక్క మెత్తబడ్డాకే రసం పోయండి. అటక మీది ఇత్తడి గిన్నె దింపాలనుకుంటే లోపలి తగరపు పూత (కళాయి) చెదరలేదని చూసుకోవాలి, లేకపోతే పులుసు చిలుమెక్కుతుంది. పొయ్యి మీద పెట్టేముందు గిన్నె అడుక్కూ పక్కలకూ తడి మట్టి పలచగా పూస్తే, తోమేటప్పుడు మసి మట్టితో పాటే ఊడి వచ్చేస్తుంది. అంట్లు తోమేవాళ్ళు నిన్ను తిట్టుకోరు.

సమాధానం – లెక్కల మాస్టారు

మీ వారి ప్రశ్నకు నా జవాబు సగం అవును, సగం కాదు. మూత పెట్టి ఉడికించే పులుసులోకి పొగ వాసన దిగేది బహు తక్కువ. తేడా వచ్చేది సెగ తీరులో. గ్యాసు మంట గిన్నె అడుగున ఒక వలయాన్నే తాకుతుంది, కట్టెల మంట గిన్నె పక్కల దాకా ఎగబాకుతుంది. ఆ తరువాత నిప్పులు తమంత తామే నెమ్మదిగా తగ్గుతూ వస్తాయి కనుక, ముదురు కోడిలోని బిగువైన కండరపు పొరలు కరిగి పులుసు చిక్కబడేంత సమయం దొరుకుతుంది. మందపాటి గిన్నె పెట్టి, సన్నని మంట మీద ఓపికగా ఉడికిస్తే గ్యాసు మీద కూడా దాదాపు అదే పులుసు వస్తుంది. మనం గ్యాసు మీద కుక్కరు పెట్టి ఈలలు లెక్కపెడతాము; పోల్చేది మాత్రం అమ్మమ్మ వండిన పులుసుతో.

పొగ రుచి నిజంగా పట్టేది నేరుగా నిప్పును తాకిన వాటికి. వంకాయను నిప్పుల్లో కాల్చి చేసిన పచ్చడికీ, నూనె రాసి స్టవ్ మీద మగ్గించి చేసిన పచ్చడికీ ఉన్న తేడాను కళ్ళు మూసుకుని తిన్నవారు కూడా చెప్పగలరు. బొంగు చికెన్‌లో మీకు తెలిసిన వాసన పొగది కాదు, వేడెక్కిన పచ్చి వెదురుది. కట్టె మంచిదా, గ్యాసు మంచిదా అన్న వాదన కంటే ఏ వంటకు ఏ సెగ కావాలన్న ప్రశ్నే సరైనదని నా అభిప్రాయం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులనే చూడండి. బోర్లించిన కుండ మీద పిండి తడి రాయగానే రేకుగా ఆరాలంటే ఎండు ఆకుల తేలికపాటి మంట కావాలి, నిలకడ నిప్పులతో ఆ పని సాగదు.

సమాధానం – మెల్‌బోర్న్ నుంచి

మా వంటి ప్రవాసుల కోసం ఒక చేర్పు. ఇక్కడ నర్సరీల్లో దొరికే వెదురు మీద పురుగుమందు చల్లి ఉండే అవకాశం ఉంది కనుక వంటకు వాడవద్దు. వేసవిలో మంటల నిషేధం ప్రకటించిన రోజుల్లో పెరట్లో కట్టెలు గానీ బొగ్గులు గానీ వెలిగించడం నేరం. ఆ రోజు ఉదయమే ప్రకటన చూసుకోవాలి. సంక్రాంతి మాకు సరిగ్గా నడి వేసవిలో వస్తుంది, కనుక మేము నాటుకోడి పులుసును జూన్ చలిలో వండుకుంటాము.

ప్రశ్న అడిగినవారు – కోనసీమ కోడలు

అందరికీ కృతజ్ఞతలు. పెద్దమ్మగారూ, మీరు చెప్పినట్టే మా అత్తగారు ముందు కళ్ళ మంట సంగతే ఎత్తారు, ఆ తరువాత పొయ్యి ఎక్కడ పెట్టాలో ఆవిడే చెప్పారు. గడ్డివాముకు దూరంగా, బావి పక్కన, గాలి ఇంటి వైపు కొట్టని చోట ఇటుకలు పేరుస్తాము. ఒక్క సందేహం మిగిలింది. రెండు వంటలకూ ఒకే పొయ్యి చాలుతుందా?

సమాధానం – మన్యం దారి

చాలదండి. పులుసు కింది నిప్పులను బొంగుల కోసం లాగితే పులుసు ఆగిపోతుంది. పక్కనే నేల మీద జానెడు లోతు కాలువ తవ్వి, తుమ్మ దుంగలను గంట ముందే అందులో వేరుగా కాల్చి నిప్పులు చేసుకోండి. వంట ముగిశాక ఆ కాలువలో నీళ్ళు పోసి, కర్రతో కెలికి, మళ్ళీ పోయండి. పైకి బూడిదలా కనిపించినా అడుగున తుమ్మ నిప్పు తెల్లవారేదాకా ఉంటుంది.