వైఫై పట్టని కొత్త ల్యాప్‌టాప్: కార్డు పీకాలా, కెర్నల్ మార్చాలా?

వంశధార ఒడ్డు (గుణుపురం):
మా బావమరిది చదువు కోసం విండోస్ లేకుండా చవగ్గా వచ్చే ల్యాప్‌టాప్ కొన్నాం. డెబియన్ 12 (ఉచితంగా దొరికే లినక్స్ ఓఎస్) వేశాను. సౌండు, టచ్‌ప్యాడ్ అన్నీ బాగానే ఉన్నాయి, టైపింగ్ భాషలు మార్చే ఐబస్‌లో ఒడియా, తెలుగు కీబోర్డులు రెండూ కుదిరాయి. వైఫై మాత్రం సెట్టింగుల్లోనే కనబడట్లేదు. లోపలి కార్డుల్ని చూపే ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ కమాండ్ కొడితే రియల్‌టెక్ 8852బీఈ అని కార్డు పేరు వస్తోంది గానీ, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను లేదు. అంటే ఓఎస్‌కి గుండెకాయైన కెర్నల్ దగ్గర ఆ కార్డుని నడిపే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, పనిచెయ్యట్లేదన్నమాట. షాపాయన కార్డు పీకేసి ఇంటెల్‌ది పెట్టించమంటున్నాడు. ఫ్రెండేమో ప్రోగ్రాములు పంచుకునే సైటు గిట్‌హబ్‌లో డ్రైవర్ ఉందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

రాయగడ రిపేరు:
షాపాయన మాటే వినండి. ఇంటెల్ వైఫై కార్డు ఏఎక్స్210 పెట్టించండి, కెర్నల్ 5.10 నుంచీ దాని డ్రైవర్ లోపలే ఉంది. ఇక్కడ దొరక్కపోతే విశాఖలో చుట్టాలెవరైనా కొని రైల్లో పంపిస్తారు. నా దగ్గరకొచ్చే పిల్లలు డ్రైవర్ వెతుకులాటలోనే పరీక్షల దాకా లాగించేస్తారు. ఒక్క జాగ్రత్త: ఏఎక్స్201 అంటగడితే తీసుకోకండి. దానికి తగిన ఇంటెల్ బోర్డు ఉండాలి. ఏఎండీ మెషీన్లో పెడితే పలకదు.

కొరాపుట్ కాఫీ:
డెబియన్ వాళ్లు ఫర్మ్‌వేర్ (చిప్పు లోపల నడిచే కంపెనీ కోడు) ఇవ్వరు కదా, అదే అసలు గొడవ. గిట్‌హబ్‌ది డీకేఎంఎస్‌తో (బయటి డ్రైవర్లని కెర్నల్‌కి తగ్గట్టు తయారుచేసే టూలు) పెట్టుకోండి. కెర్నల్ మారినప్పుడల్లా తనంతట తనే కంపైలైపోతుంది. నేను వాడుతున్నదీ అదే.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
ఫర్మ్‌వేర్ మాట పాతదైపోయింది. 2022లో ఓటింగు పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. ఇక్కడ తేడా కెర్నల్‌ది. 12లో ఉన్నది 6.1. ఈ చిప్పు డ్రైవర్ కెర్నల్‌లో చేరింది 6.2లో. లేని డ్రైవర్ ఎలా లోడవుతుంది?

కాఫీ గారూ, డీకేఎంఎస్ కంపైల్ చేయబోతుంది, నిజమే. కానీ కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేసులు మారితే, బయటి డ్రైవర్ రాసినాయన దాన్ని సరిచేసేదాకా కంపైల్ కాదు. అప్‌డేటైన మర్నాడే నెట్ ఉండదు. పైగా సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే, రీబూట్‌లో వచ్చే నీలం తెరలో కీ నమోదు చెయ్యాలి. ఏదో ఎర్రర్ అనుకుని దాటేస్తారు చాలామంది. ఆ మాడ్యూల్ (డ్రైవర్ ఫైలు) లోడవదు, మళ్లీ డ్రైవర్నే తిట్టుకుంటారు.

వారంటీలో ఉన్న మెషీన్ విప్పమనడం మాత్రం ఏటి న్యాయం, రిపేరు గారూ? ఒడ్డు గారూ, ఫోన్ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, దానికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. బుక్‌వర్మ్-బ్యాక్‌పోర్ట్స్‌ని (డెబియన్ 12కి కొత్త వెర్షన్లు అందించే చోటు) సోర్సుల్లో చేర్చి, అందులోంచి కెర్నల్‌తో పాటు ఆ చిప్పు ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా దింపండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే మళ్లీ పేచీ. అసలు 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చేసింది, కెర్నల్ 6.12. మెషీన్లో ఇంకా ఏమీ దాచుకోకపోతే అదే వేసేయండి.

కొరాపుట్ కాఫీ:
ఫర్మ్‌వేర్ సంగతి సరే. బ్యాక్‌పోర్ట్స్‌కి స్టేబుల్‌కి (అసలు విడుదలకి) ఇచ్చినంత పరీక్ష ఉండదని డెబియన్ వాళ్లే చెప్తారు. ఒక్క వైఫై కోసం కెర్నల్ మొత్తం మార్చమంటారా?

మహేంద్రగిరి:
పాత కెర్నల్ బూటయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అలాగే ఉంటుంది. నచ్చకపోతే దాంట్లోకే బూటవ్వొచ్చు. ఎవరో అపరిచితుడు రాసిన మాడ్యూల్‌ని రూట్ హక్కుతో ఎక్కించడం కన్నా ఇది నయం.

రాయగడ రిపేరు:
కొత్త మెషీన్ కాబట్టి ఈసారికి ఒప్పుకుంటా. బ్రాడ్‌కామ్ 43142 ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి ఈ సలహా ఇస్తే ఒప్పుకోను. దానికి కెర్నల్ ఎంత కొత్తదైనా ‘డబ్ల్యూఎల్’ అనే మూసిన డ్రైవర్ విడిగా వెయ్యాల్సిందే. అక్కడ కార్డు మార్చడమే సుఖం. అదీ బయాస్ (మెషీన్ని మొదట లేపే ప్రోగ్రామ్) ఒప్పుకుంటేనే. కొన్ని పాత మోడళ్లు తమ జాబితాలో లేని కార్డు పెడితే బూటే అవ్వవు.

వంశధార ఒడ్డు:
టెథరింగ్ పట్టింది. ఫైళ్లేమీ లేవు గనక డెబియన్ 13 లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిచేది) చేసి బూట్ చేశా. వైఫై పేర్లు కనబడ్డాయి, పక్కింటివాళ్లది కూడా. ఈ రాత్రికి ఇన్‌స్టాల్ చేస్తా. స్లీప్ నుంచి లేపాక కూడా వైఫై నిలుస్తుందా, ఎవరైనా చూశారా?