పగ తీర్చుకున్నవాడు చివర్లో చావాల్సిందేనా?

అటకమీదిపుస్తకం

ఎమ్మే ఇంగ్లీష్‌లో మా మేష్టారు రివెంజ్ ట్రాజెడీ (షేక్‌స్పియర్ కాలం నాటి ఇంగ్లీష్ పగ నాటకాలు) లక్షణాలు బోర్డు మీద వరసగా రాసేవారు. దెయ్యం, పిచ్చి, నాటకంలో నాటకం, ఆలస్యం, ఆఖర్న శవాల గుట్ట. కింద ఇంకో ముక్క: "ప్రతీకారం పాపం కాబట్టి తీర్చుకున్నవాడూ చావాలి." అదే రాసి పాసయ్యాను. ఈమధ్య థామస్ కిడ్ "స్పానిష్ ట్రాజెడీ" మళ్ళీ చదివితే ఆ ముక్క మింగుడుపడలేదు.

చదవనివాళ్ళ కోసం కథ. నాటకం 1592లో అచ్చయింది, ఆడింది అంతకు ముందే. హిరోనిమో స్పెయిన్ రాజు కొలువులో న్యాయాధికారి. అతని కొడుకుని ఇంటి తోటలోనే ఉరేసి, పైగా పొడిచి చంపుతారు. చంపించింది రాజు తోడబుట్టినవాడి కొడుకు లోరెంజో, వాడితో పోర్చుగల్ యువరాజు. లోకానికంతా తీర్పు చెప్పేవాడు తన కొడుకు కోసం రాజు దగ్గరికి వెళితే లోరెంజో మాట వినపడనివ్వడు. చివరికి పెళ్ళి సంబరాల్లో నాటకం వేయించి, హంతకులకే వేషాలిచ్చి, వేషంలోనే ఒకణ్ణి నిజంగా తనే పొడిచి, ఇంకొకణ్ణి పొడిపిస్తాడు. నటన భలే ఉందని రాజు మెచ్చుకుంటాడు! తర్వాత హిరోనిమో నాలుక కొరికేసుకుని, కలం చెక్కుకోవాలని కత్తి అడిగి, దాంతో లోరెంజో తండ్రిని పొడిచి తనూ పొడుచుకుంటాడు.

నా సందేహం ఇక్కడే. మొదట్నుంచీ స్టేజీ మీద కూర్చుని ఇదంతా చూస్తున్న ఆండ్రియా (యుద్ధంలో ఆ పోర్చుగల్ యువరాజు చేతిలో చచ్చినవాడు) దెయ్యం, హిరోనిమోని గ్రీకు పురాణాల గాయకుడు ఆర్ఫియస్ వీణ వాయించే చోటికి తీసుకెళ్తానంటుంది. లోరెంజోకేమో నరకంలో చక్రం. పాపానికి శిక్షగా చచ్చినవాడికి ఈ మర్యాదేమిటి?

గోదారిగట్టు

మీ మేష్టారు చెప్పింది తప్పేం కాదండీ. "పగ తీర్చడం నా పని" అని దేవుడన్నట్టు రోమీయులకు రాసిన పత్రికలో ఉంది, 12వ అధ్యాయం. నాటకం చూడ్డానికొచ్చిన ప్రతివాడూ అది చర్చిలో విన్నవాడే. ఫ్రాన్సిస్ బేకన్ 1625లో ప్రతీకారాన్ని ఒకరకం అడవి న్యాయం అన్నాడు, చట్టం దాన్ని కలుపుమొక్కలా పీకాలన్నాడు.

ఇంకో సాక్ష్యం, సిరిల్ టర్నర్ "ఎథీయిస్ట్స్ ట్రాజెడీ", 1611. ఇందులో కూడా తండ్రి దెయ్యం వస్తుంది. కానీ చంపమనదు, పైవాడికి వదిలెయ్యమంటుంది. కొడుకు వదిలేస్తాడు. చివర్లో శత్రువు ఇతని తల నరకబోయి గొడ్డలి తన తలకే తగిలించుకుని చస్తాడు. కుర్రాడు పెళ్ళి చేసుకుంటాడు. చంపనివాడు బతికాడు, అంతే కదా లెక్క?

అటకమీదిపుస్తకం

అది కిడ్ తర్వాత ఇరవై ఏళ్ళకి వచ్చిన జవాబు నాటకం. దాన్నిబట్టి ముందువాటికి రూల్ ఎలా పెడతాం? అసలు వీళ్ళు మోడల్‌గా పెట్టుకున్న రోమన్ నాటకకర్త సెనెకాలో ఏముంది? ఏట్రియస్ అనేవాడు తన తమ్ముడికి ఆ తమ్ముడి కన్నకొడుకులనే వండి పెట్టి, ఆఖర్న బతికి నవ్వుతుంటాడు. మీడియా అనే ఆవిడ తన పిల్లల్ని చంపి రథమెక్కి ఎగిరిపోతుంది. 1581కల్లా సెనెకా పది నాటకాలూ ఇంగ్లీష్‌లో ఒకే పుస్తకంగా దొరికేవి. అంత నెత్తురూ తెచ్చుకున్నారు గానీ బతికిపోవడాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

తెరలాగేవాడు

నేను చదువుకున్నవాణ్ణి కాదు, పరిషత్తు నాటకాలకి తెర లాగినవాణ్ణి. నా డౌటు వేరే. మనకి పాత్ర చచ్చిందా, లైటు ఆర్పేస్తాం, తెర లాగేస్తాం, చచ్చినవాడు లేచి టీ తాగడానికి వెళ్తాడు. వాళ్ళ స్టేజీకి ముందు తెర లేదు, మధ్యాహ్నం ఎండలో ఆట. శవాలు ఎలా లేస్తాయి? అందుకే ఆఖర్న బతికున్న పెద్దమనిషి ఒకడు వచ్చి "మోసుకెళ్ళండి" అనాలి. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ చేసే పని అదే. స్పానిష్ ట్రాజెడీలో పోర్చుగల్ ఆయన కొడుకు శవాన్ని తనే మోసుకుపోతాడు, వెనక బాకాలు. ఆ వయసు నటుడు పడుచు కుర్రాణ్ణి మోయాలంటే నడుం పడిపోతుంది, అది వేరే సంగతి.

గోదారిగట్టు

తెర లేకపోతే శవాలు మొయ్యాలి, సరే. కానీ హీరో కూడా శవం ఎందుకవ్వాలి? దానికి తెర జవాబు కాదు కదండీ.

మిరపచేను

మరి మన భీముడు? వేణీసంహారంలో దుర్యోధనుడి నెత్తురు చేతులతోనే ద్రౌపది జడ వేస్తాడు. హాయిగా బతికే ఉన్నాడు.

అటకమీదిపుస్తకం

అది పగ నాటకమే గానీ ట్రాజెడీ కాదండీ. సంస్కృత నాటకం మంగళంగా ముగియాలి. రెండిటినీ కలిపితే చర్చ పక్కదారి పడుతుంది.

నూరువరహాలు

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. హామ్లెట్ అసలు కథలో హామ్లెట్ చావడు! 1200 ప్రాంతంలో సాక్సో అనే డెన్మార్క్ ఆయన రాసిన చరిత్రలో అతని పేరు ఆమ్లెత్. తాగి పడున్న సభికుల మీద మంటపెట్టి, పినతండ్రిని కత్తితో చంపి, పొద్దున్నే జనానికి ఉపన్యాసమిచ్చి రాజవుతాడు. చాలాకాలానికి ఇంకేదో యుద్ధంలో పోతాడు. అంటే పగ తీరిన చోటే చంపింది లండన్ స్టేజీ.

కానీ "పాపం కాబట్టి" అన్నది నాకూ చాలదు. 1584లో రాణి ఎలిజబెత్ కొలువువాళ్ళే ఒక ప్రమాణపత్రం తయారుచేశారు. రాణిని ఎవరైనా చంపితే చంపినవాణ్ణి, ఎవరికోసం చంపాడో వాళ్ళనీ వెంటాడి చంపుతాం అని. వేలమంది సంతకాలు చేశారు. ఆదివారం పగ వద్దని వింటూ, తామే పగకి ప్రమాణం చేసిన మనుషులు. ఆ నాటకాలకి జనం ఎగబడ్డారంటే ఆశ్చర్యమేముంది?

గోదారిగట్టు

ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే ఇలా సవరిస్తాను. సైన్యంతో, పట్టపగలు వచ్చి చంపినవాడు బతుకుతాడు. షేక్‌స్పియర్ టైటస్ ఆండ్రోనికస్‌లో రాణికి ఆమె కొడుకుల మాంసం తినిపించిన టైటస్ చస్తాడు, గోత్ జాతి సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చిన కొడుకు లూషియస్ చక్రవర్తి అవుతాడు. మక్బెత్‌లో సైన్యంతో వచ్చి మక్బెత్‌ని చంపిన మక్‌డఫ్ కూడా అంతే. వేషం కట్టి మోసంతో చంపినవాడు శత్రువులాగే అయిపోతాడు కాబట్టి శత్రువుతోనే పోతాడు.

నూరువరహాలు

లూషియస్ కూడా ఆ విందులోనే, అందరి ముందూ చక్రవర్తిని పొడిచాడండీ, యుద్ధంలో కాదు. మార్స్టన్ "ఆంటోనియోస్ రివెంజ్" చూడండి, 1602లో అచ్చయింది. అందులోవాళ్ళు కూడా మారువేషాల్లోనే వస్తారు, శత్రువు నాలుక కోస్తారు, వాడి కొడుకు మాంసం చూపిస్తారు, తలా ఒక పోటు పొడుస్తారు. ఊరి పెద్దలు శిక్షించకపోగా పదవులిస్తామంటారు. వాళ్ళే వద్దని సన్యాసుల మఠంలో చేరిపోతారు. చావలేదు, కానీ ఇంటికీ వెళ్ళలేదు. నాకు మిగతావాటికంటే ఇదే భయం వేసింది.

1607లో అచ్చయిన "రివెంజర్స్ ట్రాజెడీ"లో విండిచే అనేవాడి సంగతి చూడండి. ప్రియురాలి పుర్రెకి విషం పూసి ముసలి డ్యూక్‌తో ముద్దు పెట్టిస్తాడు. ఆఖర్న ఎవరికీ అనుమానం లేదు. తనే ఆగలేక, ఎంత బాగా చేశామో అని కొత్త పాలకుడితో గొప్పలు చెప్పుకుంటాడు. ఆ పాలకుడు ఒకటే ఆలోచించాడు: డ్యూక్‌ని చంపినవాడు నన్నూ చంపుతాడు. తీసుకెళ్ళండి అన్నాడు. ఇందులో దేవుడెక్కడున్నాడు?

తెరలాగేవాడు

నోరు మూసుకునుంటే బతికేవాడన్నమాట. అలాంటి నటులు నాకు ఇద్దరు తెలుసు.

అటకమీదిపుస్తకం

మార్స్టన్ నాటకం నేను చదవలేదు నూరువరహాలు గారూ. మఠం సీను కోసమైనా ఈ ఆదివారం చదువుతాను. గోదారిగట్టు గారు తన సవరణకి ఇంకో సవరణ పెట్టాల్సి వస్తుందనుకుంటా.