ముంబైలో నాటకం: తిని వెళ్లాలా, చూసొచ్చి తినాలా?

తెరచాటు:
ముంబైలో రాత్రి నాటకం పెట్టుకుంటే భోజనం ముందా, తర్వాతా? నన్నడిగితే తర్వాతే. బిర్యానీ తిని ఏసీ హాల్లో కూర్చుంటే అరగంటకే రెప్పలు వాలతాయి. జుహూలోని పృథ్వీ థియేటర్ 200 సీట్ల చిన్న హాలు, వేదికకి మూడు వైపులా జనమే. ముందు వరసలో మీరు కునుకు తీస్తే అది నటుడి కళ్లెదుటే. పాపం కదా!

మూడోగంట:
తర్వాత అంటే ఎక్కడ తింటారండీ? 9 గంటల ఆట వదిలేసరికి 11 అవుతుంది, అప్పటికి ఇడ్లీ హోటళ్లన్నీ కట్టేస్తారు. పృథ్వీలో ఆలస్యమైతే టికెట్ ఉన్నా లోపలికి పంపరు. సీటు నంబర్లూ ఉండవు, లైన్లో ముందున్నవాళ్లకే మంచి చోటు. అందుకే 8:30కల్లా లైన్లో ఉండాలి. ఆవరణలోనే కెఫే ఉంది కానీ ఆట ముందు కిటకిటలాడుతుంది. 7:15కి వెళ్తేనే కుదురుగా తినగలరు. విలే పార్లే స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి, సాయంత్రం ట్రాఫిక్‌కి అరగంట వేసుకోండి.

దాదర్ బాల్కనీ:
ఇద్దరూ మరాఠీ నాటకాన్ని మర్చిపోయారు. అక్కడ తిండి ఇంటర్వెల్‌లోనే! దాదర్ వెస్ట్‌లో శివాజీ మందిర్ నాటకశాలకి వెళ్లి బటాటా వడ తినకపోతే సగం నాటకం చూసినట్టే. మన ఆలూ బోండాకి దగ్గర చుట్టం, వెల్లుల్లి ఘాటు ఎక్కువ. మొదటి అంకం తెర పడగానే ఒకరు కౌంటర్‌కి పరుగెత్తాలి, లైట్లు వెలిగాక నింపాదిగా లేస్తే వడ చేతికొచ్చేలోపు గంట కొడతారు. మనిషికి రెండు చాలు. బయటే తినెయ్యండి. హాల్లో కాగితం చప్పుడు మాటల్ని మింగేస్తుంది, మరాఠీ అంతంతమాత్రంగా తెలిసినవాళ్లకి ప్రతి మాటా ముఖ్యం.

అంతకుముందు టిఫిన్ కావాలంటే మాతుంగా ఈస్ట్. కెఫే మద్రాస్‌లో రసం వడ (సోమవారం సెలవు), లేదా స్టేషన్ పక్కనే రామ్ ఆశ్రయ హోటల్. దాదర్ నుంచి ఒక్క స్టేషనే దూరం, సెంట్రల్ లైన్లో స్లో లోకలే ఎక్కాలి. ఫాస్ట్ ఎక్కితే మాతుంగాలో ఆగదు, కుర్లాలో తేలతారు. ఆదివారమైతే బయట పేరు రాయించుకుని నిలబడాలి, ఓ గంట టైమ్ చేతిలో ఉంచుకోండి.

తెరచాటు:
వడ సంగతి ఒప్పుకుంటా, టిఫిన్ కూడా. భోజనం మాత్రం తర్వాతే! నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏకి (నాటకాలూ కచేరీలూ జరిగే కళాకేంద్రం) వెళ్లేవాళ్లకి కొలాబా దగ్గరే, తాజ్ హోటల్ వెనక బడేమియాలో అర్ధరాత్రి దాకా కబాబులు కాలుస్తూనే ఉంటారు. అటు ఆటోలు తిరగవు, టాక్సీయే.

మూడోగంట:
అది ఎక్కువగా మాంసం తినేవాళ్లకి. శాకాహారులు, పిల్లలతో వచ్చినవాళ్లు రాత్రి 11కి కొలాబాలో వెతుక్కుంటూ తిరగాలా? 6 గంటలకి నాలుగు ఇడ్లీలు తిని వెళ్తే ఎవరికీ నిద్రా రాదు, ఆకలీ వెయ్యదు.