డైటెటిక్స్ డేకి శ్రీకాకుళంలో మీటింగ్ పెడదామనుకుంటున్నాం, పౌడర్ కంపెనీ డబ్బులు తీసుకోవచ్చా?

నాగావళి_గట్టు:

అందరికీ నమస్తే. నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నాను, నాలుగేళ్ళయింది. మన జిల్లా, విజయనగరం కలిపి ఈ పని చేసేవాళ్ళం ఎంతమందిమి ఉన్నామో ఈమధ్య దాకా నాకే తెలీదు. ఎవరో వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టి ఒకరి ద్వారా ఒకరిని కలుపుకుంటూ పోతే ముప్పై దాటారు. ఇన్నాళ్ళూ ఏ మీటింగైనా విశాఖో హైదరాబాదో పోవాల్సిందే, ఉన్న ఒక్క ఆదివారం పోతుంది, చార్జీలు మనవే, తీరా వెళ్తే అక్కడ చెప్పేది మన దగ్గర లేని మెషీన్ల గురించి. అందుకే జనవరి 10న డైటెటిక్స్ డేకి ఇక్కడే ఒక పూట కూర్చుందామనుకున్నాం.

ఇంతలో ఒక ప్రోటీన్ పౌడర్ కంపెనీ రిప్రజెంటేటివ్ వచ్చాడు. హాలు, భోజనాలు, బ్యాగులు, మెమెంటోలు అన్నీ వాళ్ళే చూసుకుంటారట. బదులుగా ఇరవై నిమిషాల టాక్, స్టేజీ మీద బ్యానర్, వచ్చినవాళ్ళందరి ఫోన్ నంబర్లు. గ్రూపులో సగం మంది 'ఎగిరి గంతేసి ఒప్పుకోక ఇంకా ఆలోచనేంటి' అంటున్నారు. నాకు మనసు ఒప్పట్లేదు, కానీ ఎందుకు వద్దో గట్టిగా చెప్పడం రావట్లేదు.

ఇంకో సంగతి, టాపిక్. వెయిట్ లాస్, పీసీఓడీ పెడితే జనం బాగా వస్తారని కొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

కోట_దగ్గర:

అమ్మా, నేను విజయనగరంలో ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, ఇలాంటి బ్యాగులు మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి కాబట్టి నేనేదో మడి కట్టుకుని చెప్తున్నానని అనుకోకు.

ముందు ఒక పని చెయ్యి. ఆ కంపెనీ ఇంకా ఏమేం అమ్ముతుందో చూడు. పసిపిల్లల పాలపొడి గానీ, ఆర్నెల్లు నిండిన పిల్లలకి పెట్టే సీరియల్ గానీ అమ్మే కంపెనీ అయితే ఇక చర్చే అక్కర్లేదు. దీనికి పసిపిల్లల ఆహారం అమ్మకాల మీద 1992లో వచ్చిన ఐఎంఎస్ చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారం తయారుచేసేవాళ్ళు ఆరోగ్య సిబ్బందికి గానీ వాళ్ళ సంఘాలకి గానీ డబ్బు ఇవ్వకూడదు, సెమినార్లకీ మీటింగులకీ ఖర్చు పెట్టకూడదు. 'మేం పెద్దవాళ్ళ పౌడర్ తరఫున ఇస్తున్నాం మేడమ్' అని తియ్యగా చెప్తారు. ఇచ్చే కంపెనీ ఒకటే అయినప్పుడు ఏ డబ్బా పేరు చెప్పి ఇస్తే ఏమిటి?

పిల్లల సరుకు అమ్మని కంపెనీ అనుకో, అప్పుడు చట్టం అడ్డు రాదు, కానీ మొహమాటం ఉంటుంది కదా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్ వాళ్ళు 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చూడు, మొత్తం 17 ఉన్నాయి, కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని అందులోనే ఉంది. మీ మీటింగులో ఎవరైనా లేచి ఆ మాట చదవాలనుకుంటే, ఎదురుగా వాళ్ళు పెట్టిన బిర్యానీ తింటూ చదవగలరా? నేనైతే ఒకసారి చదవలేకపోయాను. బిర్యానీ బాగుంది, అది వేరే విషయం.

జీతం_పద్దెనిమిదివేలు:

మేడమ్ గారూ, మీ మాట కాదనను గానీ నా వైపు నుంచి కూడా చూడండి. ఎంఎస్సీ చేసి, ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్ చేసి, ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష ఫీజు కట్టి, పుస్తకాలు కొని, ఇంత చేస్తే నా జీతం నా పేరులోనే ఉంది. ఆసుపత్రిలో నన్ను క్యాంటీన్ చూసుకునే అమ్మాయి అనుకుంటారు, సగం మంది పేషెంట్లు సిస్టర్ అని పిలుస్తారు, ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ఇన్‌స్పెక్షన్ వచ్చే వారం మాత్రం అందరికీ గుర్తొస్తాను, 'కేస్ షీట్లలో న్యూట్రిషన్ అసెస్‌మెంట్ అన్నీ రాసేశావా' అని. డాక్టర్ల మీటింగులకి కంపెనీలు హోటళ్ళు బుక్ చేస్తే ఎవరూ ఏమీ అనరు, మేం ఒక పూట భోజనం తింటే నీతి గుర్తొస్తుంది. పద్ధతిగా తీసుకుందాం, టాక్ వద్దు, నంబర్లు ఇవ్వం, బయట ఒక టేబుల్ వేసుకోమందాం. అందులో తప్పేముంది?

కోట_దగ్గర:

తప్పని అనట్లేదమ్మా, టాక్ లేకుండా నంబర్లు లేకుండా ఇస్తారేమో అడిగి చూడండి. ఇస్తే నాకూ చెప్పండి, అలాంటి దాతని చూడాలని ఎప్పటినుంచో కోరిక.

నీ జీతం మాట మాత్రం నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

పలాస_డ్యూటీ:

నేను టాపిక్ గురించి మాట్లాడతాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

శ్రీకాకుళం జిల్లాలో డైటీషియన్లందరూ మొదటిసారి ఒక చోట కూర్చుని వెయిట్ లాస్ గురించి మాట్లాడుకుంటే మన మొహం మనమే అద్దంలో చూసుకోలేం. ఉద్దానం పక్కనే ఉంది కదా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఏ ఊరి పేరు చెప్పినా అక్కడి పేషెంటు ఒకరైనా మనందరి ఓపీకీ వచ్చే ఉంటారు. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ రీసెర్చ్ సెంటరూ మొదలయ్యాయి. ఇన్ని జరిగినా ఇంటికెళ్ళాక ఆ మనిషి కంచంలో ఏముండాలో చెప్పే పని మనదే, మనం దాన్ని సరిగ్గా చెయ్యట్లేదు. నన్నూ కలుపుకునే అంటున్నాను.

నేను రోజూ చూసేది చెప్తాను. డయాలసిస్ మొదలు కాకముందు 'పప్పు తగ్గించు, మాంసం మానెయ్' అని చెప్తాం, అది సరైనదే, ఆ దశలో ప్రోటీన్ తగ్గించాలి. కానీ డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది, కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే యాభై కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 60 గ్రాములు. ఈ మాట అతనికి ఎవరూ చెప్పరు. పాత కాగితమే మడతపెట్టి జేబులో పెట్టుకుని, రెండేళ్ళుగా చారన్నం తింటూ, మిషను మీదకి వచ్చేసరికి చేతులు పుల్లల్లా అయిపోయి ఉంటాడు. గుడ్డు తింటావా అంటే 'వద్దన్నారు కదమ్మా' అంటాడు. ఎవరు వద్దన్నారు? మనమే అన్నాం, మూడేళ్ళ కింద.

పౌడర్ల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. పౌడర్ అంటేనే పాపం అనట్లేదు నేను. డయాలసిస్‌లో ఉండి బొత్తిగా తినలేని వాళ్ళకి నేనే రాస్తాను. అదే డబ్బా డయాలసిస్ ఇంకా మొదలుకాని మనిషికి 'బలానికి' అని మెడికల్ షాపువాడు ఇస్తే రక్తంలో యూరియా పైకి పోతుంది. ఈ తేడా చెప్పే టాక్ కావాలి మనకి, ఆ టాక్ కంపెనీ మనిషి చెప్తాడా?

ఇంకా ఉంది. ఉద్దానం అంటే కొబ్బరి. ఎండాకాలం డయాలసిస్ పేషెంటు ఇంటికి చుట్టం వస్తే చెట్టెక్కి బొండం దింపుతాడు, చలవ చేస్తుందని పేషెంటుకీ ఒకటి కొట్టి ఇస్తారు. పొటాషియం ఎక్కువున్న మనిషికి అది ఎంత ప్రమాదమో మనకి తెలుసు, గుండె ఆగిపోవచ్చు. బీపీ ఉందని ఎవరో చదువుకున్న మేనల్లుడు 'తక్కువ సోడియం ఉప్పు' కొని తెస్తాడు, అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడే. ప్రేమతోనే తెస్తాడు పాపం.

నా మాట వింటే మీటింగ్ శ్రీకాకుళంలో వద్దు, పలాసలో పెట్టండి. విజయనగరం వాళ్ళకి రైలు ఉంది, ఆముదాలవలసలో దిగి ఆటో వెతుక్కునే పని కూడా తప్పుతుంది.

కవిటి_కుర్రోడు:

నేను డైటీషియన్‌ని కాదండి, ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. మా నాన్నకి డయాలసిస్ వారానికి రెండుసార్లు అవుతోంది, మూడుసార్లు చెయ్యాలన్నారు గానీ మాకు కుదరట్లేదు.

మాకు ఒక చోట కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది, నేను చదివి చెప్పాను. రోజుకో యాపిల్ తినమని ఉంది, క్యాబేజీ తినమని ఉంది, బ్రెడ్డు అని ఉంది. మా నాన్న పొద్దున్న తరవాణి, అంటే పులిసిన గంజి, తాగుతాడు, దాంట్లోకి ఎండు నెత్తళ్ళు కాల్చుకుని నంచుకుంటాడు, మధ్యాహ్నం అన్నం, పనస కాలంలో పనసకాయ కూర. ఇవేవీ ఆ కాగితంలో లేవు, తినమనీ లేదు వద్దనీ లేదు. లేదు కాబట్టి తినొచ్చు అని మా నాన్న, లేదు కాబట్టి తినకూడదు అని మా అమ్మ, రోజూ ఇదే గొడవ. మీరు మీటింగ్ పెడితే దీనికి జవాబు చెప్పండి చాలు.

పలాస_డ్యూటీ:

తమ్ముడూ, బాగా రాశావు, ఇక్కడే రాయాలి. నాన్నగారి రక్తపరీక్షలు చూడకుండా నేను ఇదే తిను అని చెప్పకూడదు, డయాలసిస్ దగ్గర ఉన్న డాక్టర్నీ డైటీషియన్నీ అడుగు, పొటాషియం ఎంతుందో రాయించుకో. ఒక్కటి మాత్రం చెప్పగలను, ఎండు నెత్తళ్ళు ఆపించు. ఉప్పు దాహం పెంచుతుంది, దాహానికి నీళ్ళు తాగుతారు, వారానికి రెండుసార్లే డయాలసిస్ అయ్యే మనిషికి ఆ నీరు ఒంట్లోనే ఉండిపోతుంది, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తుంది. చేప కావాలంటే పచ్చి చేప అడుగు, ఎంత తినాలో వాళ్ళు చెప్తారు. తరవాణిలో కూడా ఉప్పూ నీళ్ళే లెక్క, ఎన్ని గ్లాసులో కొలిచి వాళ్ళకి చెప్పు. కూర ఏదైనా ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళల్లో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు పోపు పెట్టమను అమ్మని. గంజి వార్చడం ఆవిడకి తెలుసు కదా, కూరకీ అదే పద్ధతి.

చోడి_అంబలి:

పై రెండు పోస్టులు చదివాక నాకు టాపిక్ గురించి అనుమానం పోయింది. నా వంతు రెండు మాటలు.

జనవరి 10 అంటే సంక్రాంతి ముందు. అరిసెల పిండి దంచే రోజుల్లో ఎవరొస్తారండీ? మనలో ముప్పాతిక మంది ఆడవాళ్ళం, ఆ వారం ఇంట్లోంచి కదలడం ఎవరికీ కుదరదు. ముక్కనుమ అయ్యాక వచ్చే ఆదివారం పెట్టండి, తేదీ మారితే డైటెటిక్స్ డే ఏమీ అలగదు.

రెండోది, నా పేరు చూసి అనుకునే ఉంటారు, నేను చోడి (రాగి) అభిమానిని. మిల్లెట్ల సంవత్సరం అని 2023 అంతా స్టేజీల మీద నేనే ఊదరగొట్టాను, వంద గ్రాముల చోడిలో 344 మిల్లీగ్రాముల కాల్షియం అని. అది పాత పుస్తకం లెక్క, 2017లో ఎన్‌ఐఎన్ 528 ఆహారాలు మళ్ళీ పరీక్షించి వేసిన పట్టికల్లో 364 అని ఉంది. అది సరే, అదే పట్టికలో పొటాషియం గడి నేను చాలాకాలం చూడనేలేదు. చోడిలో 440 పైన ఉంది, తెల్లబియ్యంతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు. ఉద్దానం పేషెంటుకి 'అంబలి తాగు తాతా, ఎముకలకి మంచిది' అని ఎంతమందికి చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే మీటింగులో స్లైడ్లు వద్దు, ఆ పట్టికలు ముందు పెట్టుకుని తరవాణి, గంటెలు (సజ్జలు), పనస గింజలు, సావిళ్ళు, మనవాళ్ళు నిజంగా తినే ఓ నలభై సరుకులకి సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్ రాసి తెలుగులో ఒక కాగితం చేద్దాం. పట్టికలో లేనివాటికి లేదనే రాద్దాం, ఊహించి వెయ్యొద్దు. ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్ళకి ఒడియాలో కూడా ఒకటి.

డాక్టర్లు, నర్సులు కాని ఆరోగ్య వృత్తులవాళ్ళ కోసం వచ్చిన 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ గురించి గ్రూపులో రోజూ అడుగుతున్నారు, న్యూట్రిషన్ సైన్స్ అని మనకి విడిగా కేటగిరీ ఉంది, దాని గురించి ఒక పావుగంట పెట్టండి, అంతకు మించి వద్దు, లేకపోతే రోజంతా దానికే పోతుంది.

జీతం_పద్దెనిమిదివేలు:

కాగితం అంటే నేనొస్తాను. టైపింగ్ నాది. ఖర్చు లెక్క కూడా వేశాను, హాలుకి 2000, మైకు అక్కర్లేదు ముప్పై మందికి, భోజనం 150 చొప్పున 4500, జిరాక్సులకి 1000. మొత్తం 7500, తలకి 250. నేను ఇవ్వగలను. కొత్తగా చేరినవాళ్ళ దగ్గర తీసుకోవద్దు, మేడమ్ గారి లాంటి పెద్దవాళ్ళు ఇంకో వంద వేస్తే సరిపోతుంది.

కోట_దగ్గర:

రెండొందలు వేస్తాను. బ్యాగులు కూడా తెస్తాను, బీరువా ఖాళీ అవుతుంది. పేర్లు చెరిపేసి వాడుకోండి.

నాగావళి_గట్టు:

అందరికీ థాంక్స్. ఆ కంపెనీ సరుకుల జాబితా చూశాను, ఆర్నెల్ల పిల్లల సీరియల్ ఉంది. రిప్రజెంటేటివ్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పాను, 'పోనీ మేడమ్, పెన్నులైనా తీసుకోండి' అన్నాడు.

పలాస ఖాయం. సంక్రాంతి తర్వాత ఆదివారం, పొద్దున్న పది నుంచి మూడు. పలాస_డ్యూటీ అక్క హాలు మాట్లాడుతున్నారు. మెమెంటోగా జీడిపప్పు ప్యాకెట్లు ఇద్దామని గ్రూపులో ఎవరో అన్నారు, కిడ్నీ డైట్ మీటింగులో ఆ ఫొటో బయటికి వస్తే ఇక మనల్ని ఎవరూ ఆపలేరు కాబట్టి వద్దన్నాను, కావలసినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు బజారులో బద్ద కొనుక్కోండి.

కవిటి తమ్ముడూ, నువ్వూ మీ అమ్మగారూ రాగలరా? పదకొండింటికి ఒక గంట మీకే. ఇంట్లో వారం రోజులు ఏం వండారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి, మీ నాన్నగారి రక్తపరీక్ష రిపోర్టులు కూడా.

కవిటి_కుర్రోడు:

అమ్మ వస్తుందండి. నాన్నకి ఆదివారం డయాలసిస్ ఉండదు, ఆయన్నీ తీసుకురమ్మంటారా? నెత్తళ్ళ గురించి మీతో వాదించాలంటున్నాడు.