బాత్రూంలో స్ప్రింక్లర్ తీసేయించొచ్చా? (కాలిఫోర్నియా, కొత్త ఇల్లు)

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఇల్లు కట్టిస్తున్నాం. ప్లాన్‌లో మాస్టర్ బాత్రూంకి ఫైర్ స్ప్రింక్లర్ చూపించారు, పిల్లల బాత్రూంకి లేదు. అసలు నీళ్లుండే చోట ఇదెందుకండీ? వేడినీళ్ల ఆవిరికి పగిలి ఇల్లంతా తడుస్తుందేమోనని మా ఆవిడకి టెన్షన్.

జవాబు: తీసేయించడం కుదరదండీ. అక్కడ 2011 నుంచి కొత్త ఇళ్లకు స్ప్రింక్లర్లు తప్పనిసరి. విడి ఇళ్లకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా అగ్నిరక్షణ సంఘం) 13డీ అనే ప్రమాణంలో 55 చదరపు అడుగులు దాటని బాత్రూంకి మినహాయింపు ఉంది. పిల్లలది 5 బై 8 అయితే 40 అడుగులే, అందుకే వదిలేసి ఉంటారు. మాస్టర్ 9 బై 12 అనుకుంటే 108. చిన్న బాత్రూంలో అంటుకునే సామాను తక్కువ. పెద్దదాంట్లో చెక్క అల్మరాలు, తువ్వాళ్లు, హెయిర్ డ్రయ్యర్, అన్నీ చేరతాయి కదా!

ఆవిరి భయం అక్కర్లేదు. స్ప్రింక్లర్‌ని తెరిచేది వేడే, పొగ కాదు. గాజు గొట్టంలో ఎర్ర ద్రవం ఉంటే దాదాపు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర పగులుతుంది. స్నానం ఆవిరికి సీలింగ్ అంత వేడెక్కదు. పగిలినా ఆ ఒక్కటే తెరుచుకుంటుంది. ఇల్లంతా ఒకేసారి జల్లు కురిసేది సినిమాల్లోనే. సీలింగ్‌కి హీటర్ పెట్టిస్తుంటే మాత్రం డిజైనర్‌కి ముందే చెప్పండి, రెండింటి మధ్య దూరం ఉండాలి. స్ప్రింక్లర్‌కి రంగు పూయనివ్వకండి.

ఇంకో సభ్యురాలు: మాది అపార్ట్‌మెంట్. మాకూ అదే కొలతా?

జవాబు: నాలుగు అంతస్తుల వరకు వాడే 13ఆర్‌లోనూ 55 అడుగులే. ఎత్తైన భవనాలకు వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 13లో కొలత ఒక్కటే సరిపోదు. షవర్ వెనక గోడతో సహా గోడలు, సీలింగ్ మంటకు 15 నిమిషాలు అడ్డుపడేలా ఉండాలి. కొన్ని ఊళ్లలో నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి, మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అడగండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఒక క్లోజెట్‌ని పూజగదిగా మారుస్తున్నాం. క్లోజెట్‌కీ మినహాయింపు ఉందంటున్నారు?

జవాబు: ఉంది, కానీ బట్టలు, దుప్పట్లు పెట్టుకునేవాటికి, ప్యాంట్రీకి (సరుకులు పెట్టే చిన్న గది) మాత్రమే. అదీ 24 చదరపు అడుగుల లోపు, వెడల్పు 3 అడుగులు మించకుండా ఉంటేనే. రోజూ దీపం వెలిగించే గది ఆ లెక్కలోకి రాదు. ప్లాన్‌లో 'క్లోజెట్' అని ఉంచేయకుండా పూజగది అని రాయించండి. గోడలు మూసేశాక పైపు వేయించడం ఖర్చుతో కూడిన పని.