సీలియాక్ ఉన్న పాపకి చికెన్, మటన్ ఎక్కడ కొనాలి, ఎలా కొనాలి?

కొండాపూర్_అమ్మ:
మా పాపకి తొమ్మిదేళ్లు. సీలియాక్ (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పేగులకి పడని జబ్బు) అని రెండు వారాల కిందట తేలింది. తన తిండిలోంచి గోధుమ, మైదా, రవ్వ, సేమ్యా, బార్లీ అన్నీ తీసేశాం. ఇప్పుడు అనుమానమంతా మాంసం దగ్గరే. మాంసంలో గ్లూటెన్ ఉండదన్నారు డాక్టరు గారు. కానీ మేం కొనే షాపులో పచ్చి చికెన్, మసాలా పట్టించిన లెగ్ పీసులు, కబాబ్ ముద్దలు అన్నీ ఒకే కౌంటర్ మీద ఉంటాయి, కీమా కూడా అక్కడే ఆడిస్తారు. కోళ్లకి గోధుమలు మేపితే మాంసంలోకి వస్తుందా? షాపులో ఏమని అడగాలి? బయట బిర్యానీ పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మిక్సీజార్_77:
మేత గురించి బెంగ వద్దండీ. కోడి గోధుమ తిన్నా ఆ ప్రొటీన్ దాని పొట్టలోనే అరిగిపోతుంది, కండలోకి గ్లూటెన్‌గా చేరదు. గుడ్లు, పాలు కూడా అంతే.

అసలు చూసుకోవాల్సింది పైన అంటేది. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: గ్రాము మైదాలో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రోజు మొత్తం మీద 10 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంటే గ్రాములో ఎనిమిదో వంతు పిండి. కౌంటర్ మీద రాలిన బ్రెడ్ పొడి ముక్కకి అంటుకుంటే చాలు, ఆ హద్దు దాటిపోతుంది. గ్లూటెన్ క్రిమి కాదు కాబట్టి ఉడికించినా వేయించినా చావదు. "బాగా ఉడికిస్తాం లెండి" అని ఎవరన్నా ఒప్పుకోకండి.

షాపుకి పొద్దున్నే, తెరవగానే వెళ్లండి. మొద్దు, కత్తి, కాటా పళ్లెం అప్పుడే కడిగి ఉంటాయి. మూత ఉన్న స్టీలు డబ్బా తీసుకెళ్లి, దాని బరువు తీసేసి అందులోనే తూయమనండి. అప్పటికప్పుడు కోసి ముక్కలు కొట్టే షాపు అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే కోడిని మొత్తంగా తెచ్చి ఇంట్లో కొట్టుకోండి. మటన్ అయితే వేలాడుతున్న తొడలోంచి కోయించుకోండి, కౌంటర్ మీద ముందే కొట్టి పెట్టిన ముక్కలు వద్దు.

"గ్లూటెన్ ఉందా" అని అడిగితే చాలామందికి ఆ మాటే తెలియదు, లేదనేస్తారు. ఇలా అడగండి: "ఈ మొద్దు మీద మసాలా ముక్కలు కూడా కొడతారా? కబాబ్‌లో బ్రెడ్ కలుపుతారా? అది ఈ మిషన్‌లోనే ఆడిస్తారా?" వీటికి మాత్రం సరైన జవాబే వస్తుంది.

కీమా షాపులో ఆడించనే వద్దు. సీఖ్, షామీ ముద్దల్లో బ్రెడ్ పొడి కలపడం మామూలే. మిషన్ లోపలి మర మీద, చిల్లుల పళ్లెం కన్నాల్లో ఆ ముద్ద ఇరుక్కుని ఉంటుంది. తర్వాత మీరు వేసిన అర కిలో మాంసం ముందుగా బయటికి నెట్టేది దాన్నే. కడగమంటే పైన ఓ మగ్గు నీళ్లు పోస్తారు, విప్పి కడిగేవాళ్లు తక్కువ. ఎముకల్లేని మాంసం తెచ్చుకుని అంగుళం ముక్కలు కోసి, అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. కాస్త గట్టిపడ్డాక గుప్పెడు గుప్పెడుగా మిక్సీ జార్‌లో వేసి పల్స్ మీద ఐదారు సార్లు తిప్పితే చాలు. ఆపకుండా తిప్పితే వేడెక్కి జిగురు ముద్దవుతుంది, వేపుడుకి పనికిరాదు.

బోటిని కొందరు పిండి రుద్ది శుభ్రం చేస్తారు. కడగనిదే తెచ్చి రాళ్ల ఉప్పు, పసుపు, వేడి నీళ్లతో మీరే కడుక్కోండి.

దమ్_మూత:
బిర్యానీ సంగతి నేను చెప్తాను. బియ్యం, మాంసం, పెరుగు, నెయ్యి, వీటిలో దేనిలోనూ గోధుమ లేదు. అందుకే చాలామంది ధైర్యంగా తినేస్తారు. ఇబ్బంది మూత దగ్గర. ఆవిరి పోకుండా డేగిషా అంచు చుట్టూ తడిపిన గోధుమ పిండినో మైదానో తాడులా పెట్టి, మూత అదుముతారు. దమ్ అయ్యేసరికి అది ఎండిపోయి పెళుసెక్కుతుంది. గరిటెతో మూత లేపగానే పెళ్లలు విరిగి పై పొర అన్నంలో రాలతాయి. పెద్దవి ఏరేస్తారు. పొడిగా రాలింది మాత్రం తెల్లటి మెతుకుల మధ్య కంటికి ఆనదు. ఇంట్లో చేస్తే గిన్నె మీద అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు బిగించి, మూత పెట్టి, పైన నీళ్ల గిన్నె బరువు ఉంచండి. దమ్‌కి ఏ లోటూ రాదు. ఉల్లిపాయలు కూడా ఇంట్లోనే వేయించుకోండి, కొన్ని రెడీమేడ్ ప్యాకెట్లలో పిండి కలుస్తుంది.

హలీంలో గోధుమ ఉండాల్సిందే, కాబట్టి అది పూర్తిగా బంద్. నిహారీని గోధుమ పిండితో చిక్కబరుస్తారు. చికెన్ 65, అపోలో ఫిష్, మంచూరియా... మైదా పడకపోయినా సోయా సాస్ పడొచ్చు, మామూలు సోయా సాస్ గోధుమతోనే తయారవుతుంది. "మేం కార్న్‌ఫ్లోరే వాడతాం" అన్నా సమోసాలు, పూరీలు వేగిన నూనె అదేనా అని అడగండి. తందూరీ చికెన్ కాలేది నాన్ అంటించే పొయ్యిలోనే.

మసాలాల దగ్గరా చూసుకోవాలి. బజారు ఇంగువలో చాలా రకాలకి గోధుమ పిండో మైదానో కలుపుతారు, డబ్బా వెనక చదవండి. కారం, ధనియాల పొడి, శనగపిండి గోధుమలు పట్టే మరలో పట్టించొద్దు. మీ ముందు ఎవరో పట్టించిన పిండి కొంత మీ డబ్బాలోకి వస్తుంది. ప్యాకెట్ మీద "గ్లూటెన్ ఫ్రీ" అని ఉంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు అని అర్థం.

జెర్సీ_వంటిల్లు:
అమెరికాలో ఉండే మనవాళ్ల కోసం ఒక మాట. గోధుమ ఉంటే లేబుల్ మీద చెప్పాలన్న 2004 నాటి అలర్జీ చట్టం ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) పరిధిలోని ఆహారానికే. మాంసం, చికెన్ చూసేది యూఎస్‌డీఏ (అక్కడి వ్యవసాయ శాఖ). కంపెనీలు చాలావరకు తమంతట తామే రాస్తున్నా, సాసేజ్‌లు, కోల్డ్ కట్స్ (వండి చల్లార్చి పల్చగా కోసిన మాంసం) మీద "మాడిఫైడ్ ఫుడ్ స్టార్చ్", "డెక్స్‌ట్రిన్" అని మాత్రమే ఉంటే అది దేని నుంచి తీశారో కంపెనీని అడగాలి. బార్లీ ఆ చట్టం జాబితాలోనే లేదు, కాబట్టి "మాల్ట్" (ఎక్కువగా మొలకెత్తించిన బార్లీ) అన్న మాట మీరే వెతుక్కోవాలి.

చికెన్, టర్కీ ప్యాకెట్ల మీద "సొల్యూషన్ కలిపారు" అని ఉంటే ఎక్కువగా అది ఉప్పు నీరే, అయినా దినుసుల వరుస మొత్తం చదవండి. టర్కీతో వచ్చే గ్రేవీ ప్యాకెట్‌లో తరచూ గోధుమ పిండి ఉంటుంది. డెలీలో (వండిన మాంసం కోసిచ్చే కౌంటర్‌లో) ముక్కలు కోయించుకోకుండా సీల్ చేసిన ప్యాకెట్ కొనండి. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లూ, మామూలు సాసేజ్‌లో రస్క్ ఉంటుంది, మర్చిపోకండి.

కొండాపూర్_అమ్మ:
ఇంత వివరంగా చెప్పారు, అందరికీ చాలా థ్యాంక్సండీ. ఇంకొక్కటి. మా అత్తయ్యగారికి షుగర్, రాత్రి చపాతీ తప్పదు. అదే పొయ్యి మీద పాపకి చికెన్ వేపుడు చేయొచ్చా?

మిక్సీజార్_77:
చేయొచ్చండీ, వరస మాత్రం మార్చండి. ముందు పాప వేపుడు, అది మూత పెట్టి గదిలోంచి పక్కకి తీసేశాకే చపాతీ పిండి డబ్బా తెరవండి. పొడి పిండి గాల్లో లేచి కొంతసేపటికి గానీ కిందికి దిగదు. చపాతీ పెనం మీద పాపకి ఏదీ కాల్చొద్దు, ఇనుము గరుకులో పిండి పట్టుకుని ఉంటుంది. పాపకి వేరే స్టీలు బాండీ, వేరే గరిటె, వేరే జల్లెడ, వేరే పీచు ఉంచండి. చెక్క గరిటె, చెక్క కటింగ్ బోర్డు పాతవి వాడకుండా కొత్తవి కొని, పిడికి ఎర్ర దారం కట్టేయండి. పనమ్మాయికీ అత్తయ్యగారికీ ఆ దారం గుర్తు చెప్పి ఉంచండి.