సమస్య: బంటు రాణి యయ్యెఁ బట్టపగలె

మైలాపూరు మాష్టారు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, చెస్ మీదే పూరించాలి, నాటకంలో ఆడవేషం కట్టిన బంటు అని తప్పించుకోకూడదు, ఆ దారి నాకూ తెలుసు.

పెరంబూరు బావ:
2013 నవంబర్‌లో మన ఊళ్ళోనే జరిగిన ఆనంద్, నార్వే కార్ల్‌సన్ ప్రపంచ చెస్ టైటిల్ పోరులో తొమ్మిదో గేమ్ మీద రాశా, తప్పులుంటే తిట్టండి.

చెన్నపురిని నాడు సిసలైన పోరులో
విశ్వనాథు కోట వెనుక వరుస
నడచి నడచి చేరి నార్వే కుమారుని
బంటు రాణి యయ్యెఁ బట్టపగలె

అడయారు అక్క:
"వెనుక వరుస" భలే పడింది బావా, బ్యాక్ ర్యాంక్‌కి ఇంతకంటే ఏం కావాలి. "నడచి నడచి" కూడా నిజమే, ఆ బంటు 22వ ఎత్తుకి బీ3 గడి, 26కి బీ2, 27కి బీ1 చేరి రాణైంది. కానీ ఆనంద్ ఓడింది అందువల్ల కాదుగా, చెక్‌కి బిషప్‌ని అడ్డం పెట్టాల్సింది పోయి గుర్రాన్ని ఎఫ్1కి తెచ్చాడు, వెంటనే కొత్త రాణి ఈ1కి దిగింది, ఏనుగుని హెచ్4కి తెచ్చి మేట్ చేద్దామన్న ప్లాన్ అక్కడే పోయింది, రిజైన్. నేను ఆఫీసులో లైవ్ చూస్తూ "అయ్యో గుర్రమా" అని అరిస్తే మేనేజర్ తల తిప్పి చూశాడు.

మైలాపూరు మాష్టారు:
యతులు శుభ్రం. కానీ విశ్వనాథన్ వాళ్ళ నాన్నగారి పేరు కదయ్యా, ఇక్కడ ఇన్నేళ్ళుండి కూడా దండుని ఆయన కోట మీదికి తోలావేం? "ఆనందు" తగణం (గురువు, గురువు, లఘువు), అన్నీ సూర్యగణాలే ఉండే రెండో పాదంలో ఇమడదు, మొదటి పాదంలో పెట్టు: "అందరుండి చూడ నానందు కోటలో". మిగతాది నువ్వే సర్దుకో. అసలు మన చదరంగంలో ఆ కాయ మంత్రి, రాణి కాదు, సమస్య ఇచ్చింది నేనే కాబట్టి నోరు మూసుకుంటున్నా.

తాంబరం కుర్రాడు:
నాది ఇంటి గేమ్ సార్.

ఎనిమి దడుగు లైన నెవ్వరాపుదు రింక
చిట్టి పాప చేతి చిన్న కొయ్య
తాత రాజు చూచి తడబడి నిలువగా
బంటు రాణి యయ్యెఁ బట్టపగలె

అడయారు అక్క:
ఎనిమిది ఎక్కడివి తమ్ముడూ, బంటు మొదలయ్యేదే రెండో వరుసలో, ఆరే.

మైలాపూరు మాష్టారు:
పైగా దూరాన్వయం, "కొయ్య"కీ "బంటు"కీ మధ్య తాత అడ్డం నిలబడ్డాడు.

తాంబరం కుర్రాడు:
మొదటి పాదం మార్చా: "ఆరె యడుగు లైన నాపువా రెవ్వరు". తాతని మాత్రం జరపలేను సార్, మా ఇంట్లో కూడా అంతే, బోర్డు ముందు కూర్చుంటే అన్నానికి కూడా లేవరు.